గృహవిజ్ఞానము: పాత కంప్యూటరును పాఱవేయవలెనా?

మన యిండ్లలో క్రొత్త కంప్యూటరు కొడుకు చేతికిని, పాతది కూతురి చేతికిని వచ్చుట పరిపాటి. కావున పాతదానిని గూర్చిన విచారము మగవారి ముచ్చట యని త్రోసివేయదగినది కాదు. ఆడపిల్ల చదువు, అత్తగారి పింఛను, పొదుపు సంఘపు లెక్కలు తఱచుగా దానిమీదనే నడచుచుండును.

విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ పోషణమును ముగించిరి. పేరు నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వఱకు అందునట్లు ఏర్పాటు గావించిరి. గడువు దాటినంతనే యంత్రము ఆగిపోదు. కాని అందు క్రొత్తగా బయటపడు లోపములను సరిచేయువారుండరు. గడియ ఊడిన యింట నగలపెట్టె యుంచుట యెట్టిదో, అట్టి యంత్రముపై బ్యాంకు పని చేయుటయు నట్టిదే.

విండోస్ 11 వేసికొందమన్నచో దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలము, టీపీఎం 2.0 అను భద్రతాంగము, వారి పట్టికలో చేరిన ప్రాసెసరు వలయును. 2018 నకు పూర్వపు యంత్రములలో పెక్కింటికి ఈ యోగ్యత లేదు. అంతట వర్తకుడు "ఇది పనికిరాదమ్మా, క్రొత్తది తీసికొనుడు" అనును. మా మహదేవపూరులో దసలి పట్టు నేయువారు మగ్గము పాతదైనంత మాత్రమున దానిని పొయ్యిలో పెట్టరు. ఏ భాగము అరిగినదో చూచుకొందురు. మనమును ముందది చూడవలెను. నిజమునకు నత్తనడక నడచు యంత్రములలో తఱచుగా దోషము తిరుగుడు పళ్లెముల హార్డు డిస్కుది. దాని స్థానమున ఎస్.ఎస్.డి. వేయించినచో కలుగు వేగము, ఏ ఆపరేటింగ్ సిస్టమును మార్చినను కలుగదు.

ఇక మార్పు సంగతి. ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ నేడు అనేక రూపములలో ఉచితముగా లభించుచున్నది. క్రొత్తవారికి లినక్స్ మింట్ మేలని నా యభిప్రాయము. విండోస్ వాడిన చేతికి వింతగా తోచదు. అందును ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలిక రూపమును గ్రహింపవలెను. 2 జీబీ ర్యాముతో నడచును, 4 జీబీ యున్న సుఖము. లుబుంటు కూడ తేలికయైనదే. అయితే యంత్రము 64 బిట్లదై యుండవలెను. లిబ్రే ఆఫీసు, ఫైర్‌ఫాక్సు మింటుతోడనే వచ్చును గనుక వ్రాతకోతలకు, పాఠములకు వేఱుగా కొనవలసినదేమియు లేదు.

తెలుగు మాట యేమందురా? ఇచ్చటనే జాగ్రత్త వలయును. యూనికోడులో వ్రాసినది ఎచ్చటనైనను తెలుగుగానే కనబడును. మన జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతనగారి పేర వెలసిన పోతన ఖతి విండోసునందును, లినక్సునందును పనిచేయును. కాని అను ఖతులలో కూర్చిన పాత ప్రశ్నపత్రములు, పెండ్లిపత్రికలు అట్టివి కావు. ఆ ఖతి లేనిచోట అవి అర్థము లేని గుర్తులై కనబడును. వానిని కూర్చు సాధనమును విండోసుకై చేయబడినదే. మాష్టరుగారలున్న యిండ్లలో ఇట్టి కాగితములు కుప్పలుగా నుండును. (మా యింటి సంగతి వేఱుగ చెప్పనేల!) వానిని ముందుగా యూనికోడునకు మార్పించుకొనుడు, లేదా పీడీఎఫ్ గావించి దాచుడు. టాలీలో లెక్కలు వ్రాయువారు మాత్రము విండోసును విడువరాదు. అది విండోసుపైనే నడచును. అట్టివారు గడువులోపల క్రొత్త యంత్రమునకు సొమ్ము కూడబెట్టుకొనుట యుక్తము.

ఎవ్వరి మాటయు నమ్మి ఒక్కసారిగా మార్పవలదు. మింటును పెన్‌డ్రైవులోనికెక్కించి, యంత్రములోనిదేదియు చెఱపకుండనే నడిపి చూడవచ్చును. శబ్దము వినబడుచున్నదా, వైఫై అందుచున్నదా, ముద్రణ యంత్రము పలుకుచున్నదా, తెలుగు వ్రాయ వచ్చుచున్నదా యని పరీక్షింపుడు. ఆ పరీక్ష దానిని నిత్యము వాడు అమ్మాయి చేతనే చేయింపుడు. పెన్‌డ్రైవునుండి కొంత మెల్లగా నడచును, దానికి వెఱవవలదు. నచ్చినచో ఫోటోలు, సర్టిఫికెట్ల నకళ్లు వేఱొక డిస్కునకెక్కించి, అవి అందు తెఱచుకొనుచున్నవని కన్నులార చూచిన పిమ్మటనే స్థాపింపుడు. డిస్కును తుడిచివేయు మార్గమును ఎంచుకొన్నచో అందలి సమస్తమును పోవును. 8 జీబీ పెన్‌డ్రైవు చాలును, గాని దానిలోనివియు చెఱగిపోవును గనుక పెండ్లి ఫోటోలున్నదానిని మాత్రము ఇందులకీయవలదు.