గొలుసు ఎవరు వేశారు?

మా ఖాలా కొడుక్కి ఇరవై రెండేళ్లప్పుడు ఎవరూ లేనిచోట మాటలు వినపడడం మొదలైంది. గోడ అవతల తనను తిడుతున్నారని చెవులు మూసుకునేవాడు. రాత్రిళ్లు తలుపు గడియ పదిసార్లు చూసేవాడు. ఖాలా నన్ను పక్కకు పిలిచి, "హవా లగ్ గయి బేటా" అంది. తాయెత్తు కట్టించారు. ఆమిల్ సాబు ఊదిన నీళ్లు తాగించారు. ఆఖరికి దర్గాకు తీసుకెళ్లారు. సంగతి తెలిసి అభ్యుదయ మిత్రుడొకాయన నవ్వాడు. "మీవాళ్లు ఎప్పటికి మారతారయ్యా!" అన్నాడు.

ఆ నవ్వుకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఊరి సంగతి. మావాళ్ల ఇళ్లు నాలుగు. మసీదు లేదు. ఖాలా భర్తది దర్జీ పని. రెడీమేడ్ బట్టలొచ్చి మిషను మూలన పడింది. పిల్లవాడు పదో తరగతి తప్పి పంక్చర్లు వేశాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు బడిలో ఎవరికీ అక్కర్లేదు, 'తురకోడు' అంటే చాలు. దేశంలో ఎక్కడ బాంబు పేలినా మర్నాడు టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి, కళ్లన్నీ వాడి మీదికి తిరిగేవి. గోడ అవతల తిడుతున్నారన్నది భ్రమే. కానీ ఆ తిట్లు వాడు కొత్తగా కల్పించుకున్నవా? గోడ ఇవతల పదేళ్లు విన్నవే కదా!

అవమానం ఒక్కటే పిచ్చి తెస్తుందని నేను అనను. వంశంలో వచ్చే గుణం ఉంది, గంజాయి ఉంది, ఇంకా ఎన్నో ఉన్నాయి. కానీ సామాజిక స్థితికీ ఈ జబ్బుకూ సంబంధం లేదనేవాళ్లు కొన్ని లెక్కలు చూడాలి. లండన్, నాటింగ్‌హామ్, బ్రిస్టల్ నగరాల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. అక్కడి ఆఫ్రికన్-కరీబియన్లలో స్కిజోఫ్రెనియా తెల్లవాళ్లకంటే సుమారు 9 రెట్లు ఎక్కువ. నల్లవాళ్ల రక్తంలోనే ఉందందామా? మరి వాళ్ల తాతల దేశం జమైకాలో ఆ స్థాయిలో లేదే! 2001లో దక్షిణ లండన్ లెక్క ఇంకో మాట చెప్పింది. పేటలో తమవాళ్లు ఎంత పలచగా ఉంటే మైనారిటీలలో ఈ జబ్బు అంత ఎక్కువ. ఇదంతా పట్నాల గొడవ అనుకోవద్దు. ఇంగ్లండులోనే తూర్పు ఆంగ్లియా పల్లెప్రాంతాల మీద 2018లో వచ్చిన అధ్యయనంలోనూ పేదరికం ఎక్కువున్న చోట జబ్బు ఎక్కువగా కనపడింది.

ఇప్పుడు మా నాలుగిళ్ల ఊరిని తలచుకోండి. పాతబస్తీ మొహల్లాలో పేదరికం ఉన్నా పక్కింటి చాచా ఉంటాడు, అజాన్ వినపడుతుంది. నాలుగిళ్ల ఊళ్లో తిట్టినవాడి గుమ్మం ముందు నుంచే నీళ్లకు పోవాలి.

మరి మన లెక్క ఎవరు తీశారు? నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. 12 రాష్ట్రాలు తిరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. తిరిగిన చోట్ల తేలిందేమిటంటే తీవ్ర మనోవ్యాధి ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురికి చికిత్స లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. అయినా పల్లెలో మనిషికి ఎర్రగడ్డ అంటే నేటికీ ఒక తిట్టే, చేరగలిగిన ఆసుపత్రి కాదు. డాక్టరు లేని చోటికి ఆమిల్ వస్తాడు. బస్సు ఛార్జీ లేనివాడికి దర్గా తలుపు తెరిచి ఉంటుంది. అది మూఢనమ్మకం ఒక్కటే అయితే తిరుచ్చి దగ్గర గుణశీలం గుడికి, రాజస్థాన్‌లో మెహందీపూర్ బాలాజీకి పిచ్చివాళ్లను తీసుకెళ్లేది ఎవరు మిత్రమా? అక్కడ మీకు నవ్వు రాదేం?

ఇక మావాళ్లతో మాట. మిత్రుడికి జవాబు చెప్పినంత మాత్రాన మన తప్పు మాసిపోదు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన రోగుల పేరుతో నడుస్తున్న ఒక ప్రైవేటు షెడ్డుకు నిప్పంటుకుంది. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. పారిపోలేక కాలిపోయారు. మొత్తం 28 మంది చనిపోయారు. మతం పేరు చెప్పుకుని ఆ గొలుసును ఎవరు సమర్థించగలరు? కైరోలో 1284లో సుల్తాన్ కలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మనసు చెడినవాళ్లకు వేరే వార్డు ఉండేది. దీన్‌లో మతిలేనివాడికి నమాజు బాధ్యతే లేదు. అంత కనికరం నేర్చిన మనం జిన్ను వదిలిస్తామని కర్రతో కొట్టేవాణ్ని ఎందుకు సాబ్ అని పిలుస్తున్నాం? 2017 చట్టం రోగిని గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. ఆ మాట జుమ్మా ఖుత్బాలో ఎన్ని మసీదుల్లో చెప్పారు?

కాబట్టి సర్కారును అడగాల్సింది అడుగుదాం. లెక్క తీయండి, ఊరి వారీగా, మతం, కులం, వృత్తి వారీగా. మండలానికి మందు పంపండి. దర్గాకు వచ్చేవాళ్లను తరమకండి, దర్గా గుమ్మంలోనే డాక్టరును కూర్చోబెట్టండి. ముజావర్లనూ అడుగుదాం, ఆ డాక్టరుకు కుర్చీ వేయండని.

ఖాలా కొడుకు ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నాడు. తిట్లు చాలావరకు తగ్గాయంటాడు. నెలకోసారి మందు కోసం పట్నం పోవాలి, ఆ రోజు కూలి పోతుంది. ఖాలా తాయెత్తు విప్పలేదు, మాత్ర మాన్పించలేదు. నేను ఆమెతో వాదించను. మాత్ర వేసుకుని పంక్చరు దుకాణం తెరిచినప్పుడు ఎదురుగా టీకొట్టు దగ్గర మాటలు ఆగకుండా ఉంటే చాలు. ఆ మందు మాత్రం ఏ డాక్టరూ రాయలేడు. అది మీ చేతుల్లో ఉంది.