గట్టు మీది సేద్యం

మన సభల్లో ఈ మధ్య కొత్త పలకరింపు ఒకటి బయల్దేరింది. పూర్వం "ఏ ఆస్పత్రి, ఏ కంపెనీ, గ్రీన్ కార్డు వచ్చిందా" అని అడిగేవారు. ఇప్పుడు "మీరెక్కడ తీసుకున్నారు, ఎన్ని ఎకరాలు" అంటున్నారు. డాలస్‌కి ఉత్తరానా తూర్పునా గంట, గంటన్నర దూరంలో మనవాళ్ళు కొన్న పొలాలు తక్కువేమీ లేవు. సొంతంగా కొన్న డాక్టర్లున్నారు, నలుగురైదుగురు వాటాలు వేసుకుని కొన్న ఇంజనీర్లున్నారు. సంతోషమే. కాని ఎకరాలెన్నని అడిగినవాళ్ళే గాని, ఏం వేశారని అడిగినవాళ్ళు ఈ మూడేళ్ళలో మాకు ఒక్కరే తగిలారు. ఆవిడ ఒక మిత్రుడి తల్లిగారు, ఆరునెలల వీసా మీద వచ్చినావిడ. ఆవిడ రెండో ప్రశ్న: "పశువులెన్ని?"

మేమిద్దరమూ డాక్టర్లమే. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, ఇక్కడ రెసిడెన్సీలు ముగించి, ఇంకా నలభై దాటనివాళ్ళం. హంట్ కౌంటీలో 22 ఎకరాలు కొన్నాము. సుమారు 30 ఏళ్ళుగా ఎవరూ ఏమీ పండించని బీడు. ఆ బీడు గొప్ప చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. పొలం కొని ఊరికే పడేసి ఉంచడం ఎవరికీ నష్టం లేని పని అని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దాంతో తగవు పెట్టుకోవాలని రాస్తున్నాము.

ముందు పన్ను సంగతి, ఎందుకంటే మన పొలాల ముచ్చట్లన్నీ అక్కడే మొదలై అక్కడే ముగుస్తాయి. టెక్సాస్‌లో వ్యవసాయ భూమికి బజారు ధర మీద కాక, సేద్యం మీద వచ్చే రాబడిని బట్టి విలువ కట్టి పన్ను వేస్తారు. రైతు నిలబడాలని పెట్టిన సదుపాయం ఇది. మనం దాన్ని ఎలా వాడుకుంటున్నాము? ఏడాదికి రెండుసార్లు ఎవరో వచ్చి గడ్డి కోసుకుపోతారు. లేదా ఎవరివో నాలుగు ఆవులు మన కంచెలో తిరుగుతాయి. 2012 నుంచి 5 మొదలు 20 ఎకరాల దాకా తేనెటీగలు పెంచినా ఆ విలువ వర్తిస్తోంది గనక, పెట్టెలు అద్దెకిచ్చి వాటి బాగోగులు చూసే కంపెనీలూ వచ్చాయి. యజమాని తేనె సీసా ఒకటి ఇంటికి తెచ్చుకుని ఫొటో తీసుకుంటాడు. రేపు బిల్డరుకి అమ్మితే, పూర్వం వెనకటి అయిదేళ్ళ పన్ను తేడా వడ్డీతో సహా కక్కవలసి వచ్చేది. 2019లో దాన్ని మూడేళ్ళకి తగ్గించారు, 2021లో వడ్డీ కూడా తీసేశారు. ఇంకేం కావాలి?

ఇక నిజంగా బీడు బాగుచేద్దామనుకున్నవాడి గతి చూడండి. గడిచిన ఏడేళ్ళలో అయిదేళ్ళు సేద్యం జరిగిన నేలకే ఆ సదుపాయం. మాది అలా కాదు గనక మేము నిండు పన్ను కడుతున్నాము. గడ్డి కోయించే పక్క ఆసామి నామమాత్రం కడుతున్నాడు. ఇది చట్టానికి లోపమే, ఒప్పుకుంటాము. ఆ లోపం చాటున హాయిగా కూర్చోవడం మాత్రం మన ఎంపిక.

ఇప్పుడు నేల సంగతి. వేసవి రాగానే మన ఇళ్ళ పునాదుల చుట్టూ రబ్బరు గొట్టాలు పరిచి నీళ్ళు పెడతాం గదా, గోడలు బీటలు వారకుండా. ఎందుకు పెడుతున్నామో ఎప్పుడైనా ఆలోచించామా? మనం కాపురముంటున్నది రేగడి మీద. తడిస్తే ఉబ్బి, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే బంకమట్టి. నంద్యాల నల్లరేగడికి ఇది దాయాది. మన "రేగడి" మాటే "రెగుర్" అయి పాత మట్టి శాస్త్రపు పుస్తకాల్లోకి ఎక్కింది. ఇక్కడివాళ్ళు బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. వాన పడితే చెప్పుకి రెండు కిలోల మన్ను అంటుకోవడం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఈ నేల మీద ఒకప్పుడు మనిషెత్తు గడ్డి ఉండేది, దాని వేళ్ళు అంతకన్నా లోతుకు పోయేవి. 1870ల తరవాత రైళ్ళొచ్చాయి, నేలంతా పత్తి కింద పడింది. పత్తి మీద పత్తి. 1930 నాటికి టెక్సాస్ సేద్యగాళ్ళలో సగానికి పైగా కౌలుదార్లు, పాలికాపులు. వచ్చే ఏడాది ఈ చేలో ఉంటాడో లేదో తెలియనివాడు పెంట ఎందుకు తోలుతాడు, గట్టు ఎందుకు కడతాడు? ఆసామి పట్నంలో ఉండి పత్తి తప్ప మరోటి వెయ్యనివ్వడు. వాలు మీది మట్టి వానకి వాగుల్లోకి పోయింది. నేల చచ్చింది పత్తి వల్ల అంటారు గాని, మా దృష్టిలో అది చచ్చింది గట్టు మీది సేద్యం వల్ల. గట్టున నిలబడి లెక్క చూసుకునేవాడొకడు, రేపు ఉంటాడో ఉండడో తెలియక దిగేవాడొకడు. ఇద్దరిలో ఎవరికీ నేలతో పదేళ్ళ పొత్తు లేదు. కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మిత్రులకి ఈ కౌలు కథ మేము విడమరిచి చెప్పనక్కరలేదు.

"పోనీ, వదిలేస్తే నేల తనంతట తానే కోలుకుంటుంది గదా, ప్రకృతి చూసుకుంటుంది" అనే మిత్రులున్నారు. సగం చదివిన మాట ఇది. పచ్చిక భూముల్లో ఒక శాతం కూడా ఇవాళ మిగల్లేదు. మిగిలిన వాటిలో పెద్దదొకటి మా కౌంటీలోనే ఉంది, క్లైమర్ మెడో. చూసి రండి. అది మనిషి ముట్టుకోకుండా మిగిలింది కాదు. ఏటా గడ్డి కోశారు గాని దున్నలేదు. ఇప్పుడూ వేళపట్టున తగలబెట్టి, పశువులని తోలి కాపాడుతున్నారు. మాలాంటి చోట దున్ని వదిలేసిన నేల మీదికి వచ్చింది ఆ గడ్డి కాదు. జాన్సన్ గడ్డి, మెస్కీట్ ముళ్ళు, సీడరు చెట్లు వచ్చాయి. పుండుని కడగకుండా కట్టు కట్టి ముప్ఫయ్యేళ్ళకి విప్పి చూసినట్టుంది. ఏ డాక్టరైనా దాన్ని విశ్రాంతి అంటాడా?

డాక్టర్లమని చెప్పుకున్నాం గనక ఇంకో మాట. పరీక్ష చెయ్యకుండా మందు రాయం. పాత పత్తి నేలల్లో పత్తి పురుగుకి కాల్షియం ఆర్సెనేట్ పొడి చల్లేవారు. తరవాత, యంత్రం కోతకి ముందు ఆకు ఎండగొట్టడానికి ఆర్సెనిక్ ఆసిడ్ చల్లేవారు. దాని అనుమతి 1993లో గాని రద్దు కాలేదు. పశువుల పిడుదులకి తొట్లలో కలిపిందీ ఒకప్పుడు ఆర్సెనిక్కే. చర్మానికీ, మూత్రాశయానికీ, ఊపిరితిత్తులకీ కేన్సరు తెచ్చే పదార్థం. మామూలు మట్టి పరీక్షలో ఇది ఉండదు, విడిగా అడిగి డబ్బు కట్టి చేయించుకోవాలి. మేము ఆరుచోట్ల తీయించాము. పొలం పరవాలేదు, పాత కొట్టం దగ్గర మూల బాగాలేదు. ఆ మూల కూరగాయలు వెయ్యము, గొర్రెలని పోనివ్వము, గడ్డి కప్పి ఉంచాము. ఒక మిత్రుడు జీవామృతం పొయ్యమన్నారు. మూలకాన్ని ఏ అమృతమూ కరిగించి మాయం చెయ్యలేదండీ. పిల్లల చేత తోటలు వేయిస్తున్న దంపతులు ముందు ఈ పరీక్ష చేయించండి. ఇందులో వాదానికి తావు లేదు.

మిగిలిన నేలలో ఏం చేశామో తక్కువలో చెబుతాము. దున్నలేదు. దుక్కి లేకుండా విత్తే గొర్రు అద్దెకి తెచ్చి వేసవిలో జనుము, బొబ్బర్లు చల్లాము. జనుము ఇక్కడ సన్ హెంప్ అనే దొరపేరుతో సంచుల్లో దొరుకుతుంది, చూస్తే నవ్వొస్తుంది. పూత ముదరకముందే పడగొట్టి నేల మీదే కప్పుగా వదిలాము. శరదృతువులో రై, బఠాణీ. తరవాత గొర్రెలు. ఉన్ని కత్తిరించే పని లేని డార్పర్ జాతి, మన నెల్లూరు గొర్రెల మాదిరి. కరెంటు వల కంచె వేసి, చిన్న మడిలో రెండు రోజులు మేపి పక్క మడికి జరుపుతాము. ఇక్కడ దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మన ఊళ్ళల్లో కాపరికి గింజలిచ్చి చేలో మంద కట్టించడం దీనికి దగ్గరి చుట్టమే.

ఇందులో ఏదీ దూరాన్నించి అయ్యే పని కాదు, మేము చెప్పదలచినదల్లా ఇదే. జాన్సన్ గడ్డి జొన్నకి చుట్టం. బెట్టకి వాడినా, తొలి మంచు సోకినా అందులో సయనైడు పుడుతుంది. ఆ ఉదయం గొర్రెలని అక్కణ్ణించి తప్పించే మనిషి ఉండాలి. పొట్టలో పురుగు రక్తం పీల్చే కాలంలో ఒక్కొక్క గొర్రె కింది కనురెప్ప వంచి చూడాలి. పాలిపోయినదానికే మందు, మిగతా వాటికి వద్దు, లేకపోతే పురుగు మందుకి లొంగడం మానేస్తుంది. దక్షిణాఫ్రికావాళ్ళు కనురెప్ప రంగులు పోల్చుకోవడానికి దీనికొక కార్డు తయారుచేశారు. మాకు క్లినిక్స్ మొదలైన కొత్తలో వార్డులో నేర్పింది ఇదే. రీజనరేటివ్ సేద్యం అంటే విత్తనాల మిశ్రమం కాదు, కంచె కాదు. నేలని వారం వారం చూసే ఒక జత కళ్ళు.

ఈ పేరు వినగానే మనలో రెండు పార్టీలు లేస్తాయి. ఒకరు ఇది అమెరికావాళ్ళ తాజా వేలం వెర్రి అంటారు. రెండోవారు ఇదంతా మన పూర్వులు ఎప్పుడో చేశారంటారు. మొదటివారికి జవాబు: ఆల్బర్ట్ హోవర్డ్ 1905లో పూసాకి వచ్చాడు, 1924 నుంచి 1931 దాకా ఇందూరులో పనిచేశాడు, అక్కడి రైతులే తనకి పాఠం చెప్పారన్నాడు. ఆయన కంపోస్టు పద్ధతికి పేరే ఇందూరు పద్ధతి. అది చదివి పెన్సిల్వేనియాలో రోడేల్ 1942లో పత్రిక పెట్టాడు. ఆయన కొడుకు రాబర్ట్ 1980లలో ఈ "రీజనరేటివ్" మాటని వ్యాప్తిలోకి తెచ్చాడు. రెండోవారికి జవాబు కాస్త చేదుగా ఉంటుంది. పూర్వులు చేశారు నిజమే, ఎవరి పూర్వులు? పెంట తోలిన చేతులు, కలుపు తీసిన నడుములు మన ఇళ్ళల్లో చాలామందివి కావు. పాలేర్లవి, కూలి ఆడవాళ్ళవి. మన తాతలు గట్టు మీద నిలబడ్డారు. ఆ కూలివాళ్ళ విద్యని మన సంస్కృతి ఖాతాలో జమ వేసుకుని ఉగాది సభలో ఉపన్యాసం చెప్పడం సులువు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రభుత్వం ప్రకృతి సేద్యాన్ని లక్షల మంది రైతుల దాకా తీసుకుపోయింది. ఊళ్ళో దాన్ని మోస్తున్నది పొదుపు సంఘాల మహిళలు, ఉపన్యాసకులు కారు.

ఇంకొకటుంది. ఈ దేశంలో భారతీయుల మొదటి వృత్తి డాక్టరీ కాదు. 1965 చట్టానికి చాలా ముందే పంజాబీలు కాలిఫోర్నియాలో వరి, పీచు, పత్తి పండించారు. 1913 నాటి అక్కడి భూచట్టమూ, 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో వచ్చిన తీర్పూ కలిసి వాళ్ళకి సొంత భూమి లేకుండా చేశాయి. ఇక్కడ పుట్టిన పిల్లల పేరనో, నమ్మిన దొర పేరనో రాయించుకున్నారు. బర్కిలీలో లెక్కల్లో డాక్టరేటు తీసుకున్న దలీప్ సింగ్ సౌంద్ ఇంపీరియల్ వేలీలో రైతుగా బతికి, 1956లో కాంగ్రెసుకి ఎన్నికయ్యాడు. వాళ్ళు చెమటోడ్చారు, పట్టా లేదు. మనకి పట్టా ఉంది. పైపెచ్చు అక్కడ కూడా కొంటున్నాము. ప్రవాసులు భారతదేశంలో సాగుభూమి కొనడానికి విదేశీ మారకపు చట్టం ఒప్పుకోదు, వారసత్వంగా వస్తే వేరు. అందుకని బావమరిది పేరనో, తండ్రిగారి పేరనో హైదరాబాదు చుట్టుపక్కల పావెకరం, అరెకరం "మేనేజ్డ్ ఫార్మ్" ముక్కలు. పండ్లచెట్లు వాళ్ళే నాటుతారట, వాళ్ళే నీళ్ళు పెడతారట, మనం డిసెంబరులో వెళ్ళి ఉయ్యాల ఊగి రావచ్చట. నిన్నటిదాకా అందులో కందులో జొన్నలో వేసుకున్న రైతు ఎక్కడికి పోయాడో బ్రోషరులో ఉండదు.

లాభమొస్తుందా అని అడుగుతారు. రాదు. చాలా ఏళ్ళలో ఈ దేశపు సేద్య కుటుంబాల్లో సరిగ్గా నడిమి కుటుంబానికి సేద్యం మీద మిగిలేది సున్నాకి దిగువేనని వ్యవసాయ శాఖ లెక్కలే చెబుతున్నాయి, బయటి ఉద్యోగమే వాళ్ళని నిలబెడుతోంది. మా గొర్రెపిల్లలూ, గోంగూరా, బెండకాయలూ కలిసి కంచె ఖర్చు కూడా ఇంకా తేలేదు. లాభమని చెప్పి మీకు పొలం అమ్మేవాణ్ణి నమ్మకండి. తీరిక లేదంటారా? సరే, ఒప్పుకుంటాము. తీరిక లేనివాళ్ళు తీరిక ఉన్నవాళ్ళకి పదేళ్ళ కౌలు రాసివ్వండి. ఏడాదికి కాదు, పదేళ్ళకి. ఈ చుట్టుపక్కల సొంత నేల లేక ఎదురుచూస్తున్న పడుచు రైతులున్నారు, వాళ్ళ చేతిలో పెట్టండి. పనివాళ్ళని పెట్టుకోవద్దని కూడా మేము అనడం లేదు. వాళ్ళ పేర్లు తెలుసుకుని, వాళ్ళతో పాటు చేలోకి దిగమంటున్నాము.

రాబోయే వార్షికోత్సవానికి పొలం ముక్కలు అమ్మే కంపెనీల స్టాళ్ళు పెట్టనిచ్చి, ఆ డబ్బుతో హాలు అద్దె కడదామని కార్యవర్గంలో ప్రతిపాదన వచ్చిందని విన్నాము. మేము దానికి వ్యతిరేకం. మా ఓటు ఇప్పుడే రాసిచ్చేస్తున్నాము. హాలుకి డబ్బు చాలకపోతే చందా పెంచండి, లేదా పార్కులో చాపలు వేసుకుందాము.

అక్టోబరు మొదటి శనివారం మా పొలంలో రై, బఠాణీ విత్తుతున్నాము. గొర్రు ఆ ఒక్క రోజుకే దొరికింది. విత్తనాలు పది ఎకరాలకి సరిపడా మిగులుతాయి, సొంత పొలంలో వేస్తామన్నవాళ్ళకి ఊరికే ఇస్తాము. బూట్లు తెచ్చుకోండి. ముందురోజు వాన పడితే మాత్రం రాకండి, కారు దిగబడుతుంది.