చిత్తూరు ఎందుకు "చితూ్తరు" అవుతుంది?

యూనికోడ్ ఫాంటుతో చేసిన ఒక తెలుగు పీడీఎఫ్ తీసుకుని, అందులోంచి "తిరుపతి" అనే పదాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. చాలావరకు తిరుపతి అనే వస్తుంది. ఇప్పుడు "చిత్తూరు" కాపీ చేయండి. "చితూ్తరు" అని వచ్చే అవకాశమే ఎక్కువ. పుత్తూరు కూడా అంతే, "పుతూ్తరు". శ్రీకాళహస్తి చివర "హసి్త" అయి కూర్చుంటుంది. కుప్పానికి, పలమనేరుకి మాత్రం ఏమీ కాదు :)

దీనికి మనవాళ్ళు ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది: "ఫాంటు ప్రాబ్లం, ఇన్‌స్టాల్ చేసుకో." నా ఉద్దేశ్యంలో ఈ జవాబే మనల్ని ఇన్నేళ్ళుగా తప్పుదారి పట్టిస్తోంది.

అసలు విషయానికొద్దాం. 1993లో అడోబీ పీడీఎఫ్ తెచ్చింది కాగితం మీద కనబడేది ఏ కంప్యూటర్లో అయినా అలాగే కనబడాలని. కాబట్టి దాని లోపల ఉండేది ముఖ్యంగా అక్షరాల బొమ్మలు, ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో కొలతలు. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక వేరేగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎస్‌వీజీ సంగతి వేరు. అందులో టెక్స్టుని టెక్స్టుగానే రాయొచ్చు, దాన్ని గీసుకునే పని చూపించే ప్రోగ్రాంది. అంటే పీడీఎఫ్ నుంచి ఎస్‌వీజీకి మార్చే టూలు బొమ్మల్ని చూసి రాతని ఊహించాలి, లేదా ఊహించడం మానేసి బొమ్మల్ని గీతలుగా దించేయాలి.

మన చిత్తూరులో "త్తూ" ని మనం త, పొల్లు, త, ఊకారం అనే వరసలో టైపు చేస్తాం. ఫాంటు గీసేటప్పుడు మాత్రం "తూ" ముందు, తావత్తు తర్వాత. పీడీఎఫ్‌లోకి వెళ్ళేది గీసిన వరస. తిరిగి చదివేటప్పుడు ఆ వరసలోనే చదివితే చితూ్తరు కాక ఇంకేమవుతుంది? ఒత్తూ గుణింతమూ ఒకే అక్షరం మీద పడ్డ చోటల్లా ఈ జబ్బు వస్తుంది. ఇక్కడ ఫాంటు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండో జబ్బు పాత ఫాంట్లది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా మన డీటీపీ షాపులు పేజ్‌మేకర్ నీ అను ఫాంట్లనీ వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు రాదు, పైగా ఆ ఫాంట్లు అందంగా ఉండేవి. కానీ ఆ ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గదుల్లో అద్దెకుంటాయి. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థం లేని ఇంగ్లీషు గజిబిజి. దీనికి ఆ ఫాంటుకి సరిపడే కన్వర్టర్ కావాలి. ఇంకో తెలుగు ఫాంటు వేసుకుంటే పని జరగదు.

మూడోది మనం చేతులారా తెచ్చుకునేది: కర్వ్స్. ప్రెస్సులో ఫాంటు తేడా రాకుండా కోరెల్‌లో అక్షరాలన్నిటినీ గీతలుగా మార్చేయడం. ప్రింటింగ్ వరకు అది మంచి పద్ధతే. చిక్కల్లా ఆ ఒక్క ఫైలునే దాచుకోవడం దగ్గర వస్తుంది.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది. ఆ వైపు మండలాల్లో బోర్డులు, లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు "చిత్తూరు జిల్లా" నుంచి "తిరుపతి జిల్లా" కావాలి. మార్చాల్సింది ఒక్క పదం! మాకు తెలిసిన ఒక చిన్న స్కూలాయన ఈ పని మీద షాపుకి పోతే, "అంతా కర్వ్స్ చేసేసినాం అన్నా, పాత ఫైలు లేదు, మళ్ళీ మొదట్నించి టైపు చేయాల్సిందే" అన్నారంట. ఒక్క పదానికి నాలుగు పేజీలు. అందులో వచ్చే కొత్త అచ్చుతప్పులు అదనం.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. కర్వ్స్ చేసిన నోటీసుని చూపులేని వాళ్ళ స్క్రీన్ రీడర్ చదవలేదు. చితూ్తరు అని దాచిన ఫైలు చిత్తూరు అని వెతికేవాడికి దొరకదు. కంటికి కనబడుతుంది కాబట్టి అంతా బాగానే ఉందని మనం అనుకుంటాం, అంతే.

తిరుమలలో అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద దొరికాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు కూర్చుని పరిష్కరిస్తే మనకు పుస్తకాలయ్యాయి. ఐదు వందల ఏళ్ళనాటి రాగిరేకుకి ఆ శ్రమ తప్పదు. నిరుడు కంప్యూటర్లో టైపు చేసిన దానికి కూడా అదే శ్రమ పడాలా?

సరే, ఏం చేయాలి? నేను పాటించే వరస ఇది. ముందు పాప్లర్‌తో వచ్చే పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్ నడపండి. ఫాంటు ఫైల్లో ఉందా, అక్షరాల పట్టిక ఉందా అనేది చెబుతుంది. కానీ పట్టిక ఉందన్నంత మాత్రాన నమ్మొద్దు, ఒత్తూ గుణింతమూ కలిసున్న పదం ఒకటి కాపీ చేసి చూడండి. ఇంగ్లీషు గజిబిజి వస్తే పాత ఫాంటు. ఒత్తు పక్కకి జరిగితే వరస తేడా. అసలేమీ సెలెక్ట్ కాకపోతే గీతలో, స్కానో. చివరి రకానికి ఓసీఆర్ చేసి, మనిషి దిద్దడం తప్ప దారి లేదు. రూపం చెడకుండా ఉంటే చాలనుకుంటే పీడీఎఫ్‌టుకైరోతో ఎస్‌వీజీ చేయండి, అక్షరాలు గీతలుగా వస్తాయి. రాత మార్చాలంటే మాత్రం గీతల్ని పట్టుకుని వేలాడొద్దు. టెక్స్టు విడిగా తీసి, వరస దిద్ది, ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో కొత్తగా పెట్టుకోండి. ఫాంట్లు లేవనే సాకు కూడా ఇప్పుడు లేదు. మండలి, రామభద్ర, సురవరం, గురజాడ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఇవన్నీ జబ్బు చేశాక మందులు. అసలు మందు షాపులో డబ్బులిచ్చే ముందే అడగడం: "ప్రెస్సుకి కర్వ్స్ ఫైలు, నాకు యూనికోడ్ టెక్స్టు ఫైలు, రెండూ ఇవ్వండి." ఆఫీసులో సోర్స్ కోడ్ లేకుండా ఉట్టి బైనరీ ఇస్తే మనం ఒప్పుకుంటామా? మరి సొంతూళ్ళో గుడి పుస్తకానికీ, స్కూలు లెటర్‌హెడ్‌కీ ఎందుకు ఒప్పుకుంటున్నాం? మన ఇళ్ళల్లో ఇలాంటి పని ఎవరిదైనా ముందు పిలిచేది "కంప్యూటర్ చదివినోడివి కదా" అని మనల్నే. పిలిచినప్పుడు ఫాంటు ఇన్‌స్టాల్ చేసి చేతులు దులుపుకోకుండా ఈ ఒక్క ముక్క అడిగి పెట్టండి.