పొట్టు కడిగి పారబోసే ముందు

మన పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు నివసిస్తున్నాయి. మనకు అరగని పీచే వాటి ఆహారం. ఆ పీచును పులియబెట్టి అవి బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. పేగు లోపలి పొరకు ప్రధాన ఇంధనం అదే. కొవ్వు అధికంగా తిన్నప్పుడు కాలేయం పైత్యరసాన్ని ఎక్కువగా పంపుతుంది. అందులో పెద్దపేగు వరకు చేరిన భాగాన్ని మరికొన్ని సూక్ష్మజీవులు పేగు గోడకు హాని చేసే ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు క్యాన్సర్ రోగులపై జరిగిన పలు అధ్యయనాలలో బ్యూటిరేట్‌ను తయారుచేసే జీవులు తక్కువగా కనిపించాయి.

భోజనం మారితే ఈ స్థితి ఎంత త్వరగా మారుతుందో 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. అమెరికాలోని 20 మంది నల్లజాతీయులకు దక్షిణాఫ్రికా పల్లెల పీచు భోజనాన్ని, ఆ పల్లెలకు చెందిన 20 మందికి అమెరికా కొవ్వు భోజనాన్ని 2 వారాలు పెట్టారు. మొదటివారిలో బ్యూటిరేట్ రెండున్నర రెట్లయింది. రెండవవారిలో సగానికి పడిపోయింది. ఎవరికి క్యాన్సర్ వచ్చిందని చూసిన పరిశోధన కాదది, పేగులోని మార్పులను కొలిచినది. అయినా రెండే వారాలు!

మా మొవ్వ ప్రాంతంలో వరి కోతకు ముందే చేలో మినుములు, పెసలు చల్లుతారు. పొట్టుతో కూడిన పప్పు మన కళ్లముందే పండుతుంది. మనమేమో ఇడ్లీ తెల్లగా రావాలని పొట్టంతా కడిగి పారబోస్తాము, పాలిష్ బియ్యం వండుకుంటాము. దావత్‌లో మాంసం కాక ఆకుకూర వడ్డిస్తే అతిథికి అవమానమని తలుస్తాము. ఎర్ర మాంసం ఈ క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లోనే ప్రకటించింది. మాంసం హలాల్, అందులో సందేహం లేదు. నా మాట మోతాదు గురించే. ఆ లెక్కన గోధుమలు, పప్పులు కలిపి ఉడికించే హలీమ్ బిర్యానీ కంటే వివేకం గల వంటకం.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. మలంలో రక్తం కనిపిస్తే మన ఇళ్లలో మొలలేనని సరిపెట్టుకుంటారు. అమ్మీజాన్ కోడలికి చెప్పరు, అబ్బాజాన్ కొడుకుకు చెప్పరు. మద్రసాలో తహారత్ మసాయిల్ బోధించేటప్పుడు మలమూత్రాల సంగతి పిల్లల ముందు సంకోచం లేకుండానే చెబుతాము. మరి వైద్యుని ఎదుట ఎందుకు సిగ్గు? మలంలో రక్తం, వారాల తరబడి మారిపోయిన విరేచన క్రమం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా చిట్కా మందులతో కాలం గడపక పరీక్ష చేయించుకోవాలి. క్యాన్సర్‌గా మారగల బుడిపెలను కొలనోస్కోపీ చేస్తున్నప్పుడే తొలగించే వీలుంది. ఇప్పటికే పేగు ఆపరేషన్ అయినవారు మాత్రం పీచు ఎంత తినాలో తమ వైద్యుణ్ణే అడగాలి.