ముందు వెళ్ళినవాళ్ళు, తర్వాత వచ్చేవాళ్ళు

స్త్రీల సమస్యల జాబితాలో మరుగుదొడ్డికి చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. దొరికాక కూడా దాన్ని 'సౌకర్యం' అనే పద్దు కింద రాశారు గానీ హక్కు కింద రాయలేదు. ఎన్ని కట్టారు, ఎంత ఖర్చయింది అన్న లెక్కలు 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైన తర్వాత బాగా పెరిగాయి. కానీ కట్టిన గదిలోకి అడుగుపెట్టే మనుషులు ఒకరి గురించి ఒకరు ఏమనుకుంటున్నారు అన్నది ఎవరూ అడగడం లేదు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. పాడైన మరుగుదొడ్డి పాడైనట్టే ఉండిపోవడానికి ఈ అభిప్రాయాలే పెద్ద సాకు అని నా వాదన.

కర్నూలు జిల్లా పడమటి ప్రాంతానికి ఆదోని, ఎమ్మిగనూరు పెద్ద ఊళ్ళు. ఆదోని పత్తి మార్కెట్టుకు పేరుపడ్డ పట్టణం. 2011 జనాభా లెక్కల నాటికే అక్కడి జనం లక్షా అరవై వేలు దాటారు. ఎమ్మిగనూరు చేనేత ఊరు, 1938లో మాచాని సోమప్ప పెట్టిన నేత సహకార సంఘంతో దేశానికి తెలిసిన ఊరు. ఈ ఊళ్ళలో కాపురముండేవాళ్ళతో పాటు రోజూ వచ్చిపోయేవాళ్ళూ ఎక్కువే. మార్కెట్టుకు పంట తెచ్చే కుటుంబాలు, జిన్నింగు మిల్లుల్లో రోజుకూలికొచ్చే ఆడవాళ్ళు, ఆసుపత్రికీ కోర్టుకూ కాలేజీకీ వచ్చేవాళ్ళు, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి కర్ణాటక నుంచి వచ్చేవాళ్ళు, వానలు లేని ఏడు పిల్లాజెల్లా మూటాముల్లెతో గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోయేవాళ్ళు. తెలుగు, కన్నడం, ఉర్దూ మాట్లాడే వీళ్ళందరికీ దారిలో ఉన్న మరుగుదొడ్డే దిక్కు.

ఇలాంటి చోట్ల వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళతో మాట్లాడితే ఒక విషయం బోధపడుతుంది. "పల్లెటూరి వాళ్ళకు వాడేది తెలీదు" అంటారు పట్నం ఆడవాళ్ళు. "చదువుకున్న పిల్లలే ప్యాడ్లు యాడంటే ఆడ పారేస్తారు" అంటారు పల్లె ఆడవాళ్ళు. "సుగ్గికి పోయేటోళ్ళొచ్చి పాడు చేసిపోతారు" అంటారు ఊళ్ళోవాళ్ళు. "ముందు పోయిందెవరో, ఏ రోగముందో" అని అందరూ అంటారు. పాడు చేసిన మనిషిని మాత్రం వీళ్ళలో ఎవరూ చూడలేదు. ఆ చూడని మనిషికి ఊరు, కులం, మతం, చదువు మనమే తగిలిస్తున్నాం. మనకు ముందే ఎవరి మీద చిన్నచూపు ఉందో వాళ్ళే ఆ మురికికి కారకులవుతారు.

పల్లె ఆడవాళ్ళకు మర్యాద తెలియదనే మాట ఎంత అబద్ధమో తెలియాలంటే, తెల్లవారుజామున కంపచెట్ల వైపు చెంబు పట్టుకుని పోయే ఆడవాళ్ళను గుర్తు చేసుకోవాలి. ఒంటరిగా పోరు, ఒకరినొకరు పిలుచుకుని పోతారు. ఎవరి ఎడం వాళ్ళు పాటిస్తారు. దీపాలు వేసుకుని బండి వస్తే అందరూ లేచి నిలబడతారు. ముసలామెకు దగ్గర చోటు వదులుతారు. చిన్నపిల్లకు ఒకరు కాపలా ఉంటారు. అక్కడ చూసింది ఇంట్లో చెప్పరు. ఎవరూ రాసిపెట్టని ఈ నియమాలను తరతరాలుగా ఆడవాళ్ళే తయారు చేసుకున్నారు. ఆ పద్ధతి బాగుందని నేను చెప్పడం లేదు. పాములు, మగవాళ్ళ వేధింపులు, చీకటి పడేదాకా పొట్ట బిగబట్టుకోవడం, అందుకోసం నీళ్ళు తాగడం మానేయడం - ఇవన్నీ ఆ పద్ధతిలో భాగాలే. నేను చెప్పేది ఒకటే, అక్కడ ముందున్న మనిషీ తర్వాతి మనిషీ కళ్ళకు కనిపిస్తారు. కనిపిస్తున్నారు కాబట్టి మర్యాద పుట్టింది.

గదిలోకి వచ్చేసరికి ఈ సంబంధం తెగిపోతుంది. ఒక అవ్వ నాతో అన్నమాట ఇది: "కంపచెట్ల కాడ పదిమందిమి ఉంటే భయం ల్యాకుండె. ఈడ తలుపేసుకుంటే బయట ఎవరు నిలబడినారో తెలీదు. గొళ్ళెం లేదు, నీళ్ళు లేవు. ఏం జేయల్లమ్మా?" ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో చీర పట్టుకుని, భుజాన సంచితో కూర్చున్న మనిషి రెండు చెంబుల నీళ్ళు పోసి రావాలని మనం ఆశిస్తున్నాం. అసలు అక్కడ చెంబు ఉందా? బకెట్టు ఉందా? చెత్తబుట్ట లేనిచోట నెలసరి గుడ్డనో ప్యాడునో ఏం చేయాలి? కిటికీలో దోపుతారు, లేదా దొడ్లో పడేస్తారు. దొడ్డి పూడుకుంటుంది. పూడుకున్నదానికి తాళం వేస్తారు. "వీళ్ళకు ఎన్ని కట్టిచ్చినా ఇంతే" అని కాంట్రాక్టరూ అంటాడు, అధికారీ అంటాడు, వరుసలో ఉన్న మనమూ అంటాం. బుట్ట పెట్టాల్సిన మనిషి తప్పించుకుంటాడు.

కొత్తగా కట్టే చోట కుర్చీ దొడ్లు వస్తున్నాయి. మోకాళ్ళు వంగని వృద్ధులకు, గర్భిణులకు, వికలాంగులకు అవి అవసరం. కానీ ముందు ఎవరు కూర్చున్నారో అనే అసహ్యంతో చాలామంది కూర్చోరు, సగం లేచి పని కానిస్తారు. దాంతో కుర్చీ తడుస్తుంది. తర్వాత వచ్చినామె ఆ తడి చూసి తానూ కూర్చోదు. అంటే మురికి గురించిన అనుమానమే మురికిని తయారు చేస్తోంది. కుర్చీకి ఒళ్ళు తగిలినంత మాత్రాన రోగాలు రావడం చాలా అరుదు. రోగాలు చేతుల ద్వారా వ్యాపిస్తాయి. కాబట్టి మన భయం న్యాయంగా సబ్బూ నీళ్ళూ లేకపోవడం మీద ఉండాలి. అది ముక్కూమొహం తెలియని మనిషి ఒంటి మీద ఉందంటే, ఆరోగ్య సూత్రం కంటే మైల భావమే అక్కడ పనిచేస్తోందని అర్థం.

మైల అనేసరికి కులం వస్తుంది. ముందు వెళ్ళినామె గురించి అసహ్యపడతాం, తర్వాత వచ్చేదాని గురించి పట్టించుకోం. వీళ్ళిద్దరి మధ్యా చీపురు పట్టుకుని వచ్చే మూడో మనిషి మనకసలు కనిపించదు. "కడగడానికి మనిషి ఉందిలే" అనే మాటలో ఆ మనిషి ఏ కులం నుంచి వస్తుందో అందరికీ తెలుసు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం నిషేధించాయి. కాగితం మీద ఆ పని పోయినా, ఒకరు చేసిన మురికిని ఇంకో కులం కడగాలనే ఆలోచన పోలేదు. చేతి తొడుగులు, మందు నీళ్ళు, సరైన జీతం లేకుండా ఆమెచేత కడిగించి, ఆమెనే తిట్టేవాళ్ళను చూస్తున్నాం. మరుగుదొడ్డి మర్యాదకు మొదటి కొలత ఆ కడిగే మనిషికి మనం మిగిల్చే పనే.

వరుసలో హిజ్రా వచ్చి నిలబడితే మన ఊహలు ఇంకా బయటపడతాయి. ఆడవాళ్ళు ఎడంగా జరుగుతారు, పిల్లలను వెనక్కి లాక్కుంటారు. మగవాళ్ళ వైపు పోతే వేధింపులు. మరి ఆమె ఎక్కడికి పోవాలి? 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీం కోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఆమోదిస్తూ వాళ్ళకు మరుగుదొడ్లు కల్పించమని ప్రభుత్వాలకు చెప్పింది. 2025 జనవరి 15న కోర్టు ఆవరణలన్నిటిలో స్త్రీలకు, పురుషులకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా ఉండాలని ఆదేశించింది. చిన్న పట్టణాల్లో అవి వచ్చేదాకా ఆమెకు చోటివ్వాల్సింది వరుసలో ఉన్న మనమే. మగవాళ్ళ చూపుల భయం ఎలా ఉంటుందో తెలిసిన మనం అదే చూపు ఆమె మీద పెట్టడం న్యాయం కాదు.

డబ్బు దగ్గర కూడా ఊహలే. చాలాచోట్ల మగవాళ్ళకు ఒంటికి పోవడం ఉచితం, కాకపోతే గోడ ఉంది. ఆడమనిషి లోపల ఏం చేసిందో బల్ల దగ్గర కూర్చున్నవాడికి తెలియదు కనుక ప్రతిసారీ పెద్ద రేటే. లండన్‌లో 1900 ప్రాంతంలో నాటక రచయిత బెర్నార్డ్ షా సెయింట్ పాంక్రాస్ స్థానిక పాలకమండలి సభ్యుడుగా ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టాలని పోరాడినప్పుడు ఇదే గొడవ. మగవాళ్ళకు ఉచితమైన దానికి ఆడవాళ్ళ దగ్గర ఒక పెన్నీ తీసుకోవడమంటే పేద స్త్రీని రానివ్వకపోవడమేనని ఆయన వాదించాడు. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పథకం కింద ఆడవాళ్ళకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మంచిదే. ఊరి నుంచి ఆదోనికి ఉచితంగా వచ్చిన కూలి మనిషి, దిగగానే ఒంటికి పోవడానికి డబ్బు కట్టాల్సి వస్తే ఆ ఉచితం సగంలోనే ఆగినట్టు.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలులో ప్రజా మరుగుదొడ్లను మునిసిపాలిటీల పనుల్లో చేర్చింది. స్త్రీలకు, పురుషులకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కాబట్టి మనం అడిగేది దానం కాదు. లోపలి నుంచి పడే గొళ్ళెం, నీళ్ళు, చెంబు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట, దీపం, ఒక కుర్చీ దొడ్డి, పట్టుకోవడానికి కమ్మీ కావాలి. ఆడవాళ్ళకు రేటు ఉండకూడదు. "శుభ్రంగా ఉంచండి" అన్న బోర్డు చదవడం రానివాళ్ళ కోసం బొమ్మలతో, చదివేవాళ్ళ కోసం తెలుగు, కన్నడం, ఉర్దూల్లో ఉండాలి. కడిగేవాళ్ళకు తొడుగులు, నెలనెలా సరైన జీతం ఇవ్వాలి. వేలం పాడుకున్న కాంట్రాక్టరు మీద తనిఖీ చేసే కమిటీలో మార్కెట్టులో కూర్చునే, మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళుండాలి.

ఇవి అడుగుతూనే మనం చేయగలిగినవి ఉన్నాయి. నీళ్ళుంటే రెండు చెంబులు ఎక్కువ పోసి రావడం, బకెట్టు నింపి పెట్టడం, గొళ్ళెం లేనిచోట తర్వాతి ఆమె కోసం తలుపు దగ్గర నిలబడటం, ముసలివాళ్ళను, కడుపుతో ఉన్నవాళ్ళను ముందు పంపడం. కంపచెట్ల దగ్గర మన అవ్వలు ఒకరికొకరు చేసిన పనులే ఇవి. పాడైన దొడ్డి చూసినప్పుడు "ఎవరు చేశారో" అని పక్కనామె వైపు చూడటం మానేసి, "నీళ్ళెందుకు లేవు?" అని ఇద్దరూ కలిసి మునిసిపల్ ఆఫీసులో అడిగితే, ఈ సమస్య కదలడం మొదలవుతుంది.