ఆ పేరు వాడికెందుకు చెప్పరు?



“మావాడికి ఆటిజం అని డాక్టరు రాసిచ్చారు గానీ, ఆ మాట వాడి ముందు అనకండయ్యగారూ, మనసు విరిగిపోతుంది” అంటుంటారు కొందరు తల్లిదండ్రులు. సంఘ పెద్దలు కూడా అందుకు తలూపుతున్నారు. ప్రేమతోనే అంటున్నారని ఎరుగుదును. అయినా అది తప్పు మాట. దీనికి ఎదురు చెప్పకుండా ఊరుకోలేను.

మీరు దాచినంత మాత్రాన బిడ్డ పేరు లేకుండా పెరుగుతున్నాడా? బడిలో “మెంటల్”. వీధిలో “పిచ్చోడు”. చుట్టాలింట్లో “ఎంత పొగరు, పలకరిస్తే మొహం చూడడు”. మన ప్రార్థన కూటాల్లో అయితే ఇంకా ఘోరం, “వీడిలో ఏదో ఆత్మ ఉంది”. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఇన్ని పేర్లు మీద పడతాయి. అందులో ఏదో ఒకటి నిజమని నమ్మి వాడు పెద్దవాడవుతాడు. అసలు పేరు ఒక్కటే వాడి దాకా పోనివ్వం. ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. పక్కవాళ్ళను చూసి ఎప్పుడు నవ్వాలో, ఎంత నవ్వాలో నేర్చుకుని నెట్టుకొస్తారు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడుస్తారు. మనం దాన్ని అణకువ అని మెచ్చుకుంటాం.

దయ్యం మాట, శాపం మాట ఎత్తేవారు యోహాను 9వ అధ్యాయం తీయండి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులడిగితే, ప్రభువు వాణ్ణీ అనలేదు, కన్నవారినీ అనలేదు. మనం మాత్రం తల్లి దగ్గరే మొదలుపెడతాం. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, ఫోను ఎందుకిచ్చావు అని. పెద్ద చదువులవాళ్ళూ ఒకప్పుడు ఇదే చేశారు లెండి. అమెరికాలో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో ఒక పుస్తకమే రాసి, దోషాన్ని కన్నవారి మీదికి, అందులోనూ తల్లి మీదికి నెట్టాడు. ఆ సిద్ధాంతం ఎప్పుడో కూలిపోయింది. మన ఊరి అరుగుల మీద ఇంకా బతికే ఉంది.

ఆటిజం ఉన్నవారు తమను తాము ఎలా తెలుసుకుంటారో చూడాలంటే టెంపుల్ గ్రాండిన్ గారి కథ వినండి. 1947లో బోస్టన్‌లో పుట్టారు. మూడేళ్ళు దాటాక గానీ మాట రాలేదు. కొలరాడోలో విశ్వవిద్యాలయ ప్రొఫెసరు అయ్యారు. తన సంగతి తానే పుస్తకాలుగా రాశారు. మన పశువుల ఆసుపత్రి ముందు, సూది వేసేటప్పుడు గేదెను నిలబెట్టే ఇనుప పైపుల బోను ఉంటుంది కదా, అలాంటిదే అరిజోనాలో బంధువుల పశువుల క్షేత్రంలో ఉండేది. కాకపోతే దాని పక్కలు రెండూ దగ్గరికొచ్చి పశువును నొక్కి పట్టుకుంటాయి. బెదిరిన ఆవులు కొన్ని అందులో నెమ్మదించడం చూసి, ఆ పిల్ల తానే అందులో దూరింది. మనుషులు కౌగిలించుకుంటే తట్టుకోలేని పిల్లకు ఆ ఒత్తిడిలో నెమ్మది దొరికింది. తర్వాత తనకోసం అలాంటిది చెక్కలతో చేసుకుంది. మానసిక నిపుణులు దాన్ని తీసేయాలన్నారు. సైన్సు మాస్టారు కార్లాక్ గారు మాత్రం, అది ఎందుకు హాయినిస్తోందో చదివి తెలుసుకోమన్నారు. ఒకరు తీసేయమన్నారు, ఒకరు తెలుసుకోమన్నారు. మనం ఎవరి వైపు ఉన్నాం?

ఇంకో సంగతి. అందరూ తనలాగే బొమ్మల్లో ఆలోచిస్తారని ఆవిడ చాలాకాలం అనుకున్నారట. చర్చి గోపురం అనగానే ఏం కనబడుతుందని నలుగురినీ అడిగి చూశారు. చాలామందికి ఏదో ఒక గోపురం లీలగా తోచింది. ఆవిడకు మాత్రం తాను కళ్ళారా చూసిన గోపురాలే ఒక్కొక్కటిగా కనబడతాయి. తాను వేరని అలా తెలిసింది. హాస్టల్లో ఉండి చదివే రోజుల్లో, పరలోకానికి తలుపు మన ఎదుటే ఉందని చాపెల్‌లో ప్రసంగం విని, ఆ పిల్ల నిజంగానే తలుపులు వెదికింది. చివరికి కట్టుబడి జరుగుతున్న మిద్దె పైన ఒక చిన్న చెక్క తలుపు దొరికింది. తోటి సేవకులారా, ఉపమానాలతో ఊదరగొట్టే మనకు ఎదురుగా ఇలాంటి పిల్లలు కూర్చుని ఉన్నారు. “వాక్యం వినడం లేదు” అని వాళ్ళనే గద్దిస్తున్నాం. వాళ్ళు మనకన్నా ఎక్కువగా వింటున్నారేమో!

“పేరు చెబితే దాన్నే సాకు చేసుకుంటాడు” అంటారు. కళ్ళజోడు ఇస్తే చదువు మానేసిన పిల్లవాణ్ణి చూశారా? “పెళ్ళి కాదు” అంటారు. పెళ్ళిచూపుల కోసం బిడ్డకు బిడ్డను దాచిపెడతారా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కావాలంటే సదరం క్యాంపులో పొద్దున్నే వరుసలో నిలబడతాం, అక్కడ సిగ్గు లేదు. ఆ కాగితం మీదున్న మాట కన్నబిడ్డకు చెప్పడానికి మాత్రం సిగ్గు!

ప్రార్థన మానమని నేననను. తల మీద చేతులుంచి, కుదిపి, చెవిలో అరిచి వెళ్ళగొట్టే ఆ పద్ధతి మాత్రం మానండి. మైకు మోతకే బెదిరే బిడ్డ అది. ఏడిస్తే “చూశారా, ఆత్మ బయటపడింది” అంటారు.

ఒక్కరోజులో కూర్చోబెట్టి అంతా చెప్పనక్కరలేదు. చెవులు మూసుకున్న రోజున, “శబ్దాలు నీకు మాకన్నా ఎక్కువగా తగులుతాయి నాన్నా, దానికో పేరుంది” అని మొదలుపెట్టండి. అడిగినప్పుడల్లా ఇంకాస్త చెప్పండి.

వచ్చే ఆదివారం నుండి మన మందిరంలో వెనుక తలుపు దగ్గరి రెండు చాపలు ఈ పిల్లలకు, వారి తల్లులకు వదిలిపెట్టాలి. ఆ వైపు స్పీకరు తీసేయమని యవ్వనస్థులతో చెప్పాను. అక్కడ ఎవరైనా లేచి తిరిగినా, చెవులు మూసుకున్నా, వెనక్కి తిరిగి చూడవద్దు. వారిని సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టవద్దు.