ఏనుగు బొమ్మ లేని ఆటస్థలం

కట్టడాల గురించి రాసేవాళ్ళకి ఒక దురలవాటు ఉంది. ఏ ఆర్కిటెక్టయినా పిల్లల కోసం నాలుగు వస్తువులు గీస్తే చాలు, "చిలిపి మనిషి" అని ముద్ర కొట్టేస్తారు. ఫొటోలు చూసి మురిసిపోతారు. ఆయన ఎందుకలా గీశాడన్నది మాత్రం గాలికొదిలేస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి 700కి పైగా ఆటస్థలాలు గీసిచ్చిన ఆల్డో వాన్ ఐక్ (1918-1999) విషయంలో సరిగ్గా ఇదే జరుగుతోందని నా ఫిర్యాదు.

ముందు తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా కథ. వాన్ ఐక్ డచ్చివాడే అయినా పెరిగింది ఇంగ్లండులో, చదివింది జూరిచ్‌లో. 1946లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రజాపనుల శాఖలో, నగర ప్రణాళిక విభాగంలో ఉద్యోగానికి చేరాడు. యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది. అదే విభాగంలో యాకోబా ముల్డర్ అనే ఆవిడ పనిచేసేది. ప్రతి పేటకీ ఒక ఆటస్థలం ఉండాలన్నది ఆవిడ పట్టుదల. గీసే పని ఈ కుర్రాడికి పడింది. 1947లో బెర్టెల్‌మాన్‌ప్లెయిన్ అనే చిన్న కూడలిలో మొదటిది తయారైంది.

అందులో ఏముందంటారా? వెడల్పాటి గట్టు ఉన్న ఒక ఇసుక గుంట. అందులో నాలుగు గుండ్రటి దిమ్మలు. పిల్లిమొగ్గలు వేసుకోడానికి ఇనప కమ్మీలు. చుట్టూ చెట్లు, అయిదు బెంచీలు. అంతే!

1951లో ఉద్యోగం మానేసి సొంత ఆఫీసు పెట్టుకున్నాక కూడా, 1978 దాకా నగరానికి ఇలాంటివి గీస్తూనే ఉన్నాడు. ఇలాంటివాడికి పెద్ద పనులు చేతకావనుకునేరు. 1960లో పూర్తయిన ఆమ్‌స్టర్‌డామ్ అనాథాశ్రమం ఆయనదే. 1990లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ గోల్డ్ మెడల్ కూడా వచ్చింది. అయినా నాకు ఆ ఇసుక గుంటలే ఎక్కువ విలువైనవి. ఎందుకో చెప్తాను.

ఒకటి, ఆ గుంటలో జంతువుల బొమ్మలు లేవు. ఆయన వాటిని కావాలనే పక్కన పెట్టాడు. ఏనుగు బొమ్మ పెడితే అది ఎప్పటికీ ఏనుగే. ఉత్త దిమ్మ అయితే ఇవాళ కొండ, రేపు కిరాణా కొట్టు, ఎల్లుండి దొంగా పోలీసు ఆటలో జైలు. ఇది అర్థం కావడానికి మనకి డచ్చి సిద్ధాంతాలు అక్కర్లేదు. పక్కింటివాళ్ళు ఇల్లు కడుతుంటే వీధిలో పోసిన ఇసుక కుప్ప మీద పిచ్చిక గూళ్ళు కట్టిన ఎవరికైనా తెలుసు. ఆ కుప్పకి ఏ డిజైనరూ రంగులు వెయ్యలేదు కదా? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి 1994 నాటి డిజైన్ పాటర్న్స్ పుస్తకం పుణ్యమా అని క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్టు పేరు తెలుసు గానీ, నన్నడిగితే కొత్తగా చేరేవాళ్ళకి వాన్ ఐక్‌ని కూడా చూపించాలి. చిన్న చిన్న ముక్కలు ఇచ్చి, వాటితో ఏం చెయ్యాలో వాడేవాడికే వదిలెయ్యడం ఎంత కష్టమో రోజూ ఫీచర్ల మీద ఫీచర్లు అతికించే మాకు బాగా తెలుసు.

రెండు, అసలు పోట్లాట ఇక్కడుంది. ఆ రోజుల్లో ఆధునిక ఆర్కిటెక్టుల పెద్ద సంఘం సియామ్. నగరాన్ని నివాసం, పని, వినోదం, రాకపోకలు అని నాలుగు డబ్బాల్లో సర్దెయ్యాలన్నది వాళ్ళ సూత్రం. 1930 నుంచి 1947 దాకా ఆ సంఘం అధ్యక్షుడు కోర్ వాన్ ఎస్టెరెన్. ఆయన పనిచేసిందీ, వాన్ ఐక్ చేరిందీ ఒకే విభాగం! అదే ఆఫీసులో కూర్చుని ఈ మనిషి వినోదం అనే డబ్బా మూత తీసి, అందులోని పిల్లల్ని ఊరంతా చల్లేశాడు. కూడలి మధ్యలో, పేవ్‌మెంటు మీద, రెండిళ్ళ సందులో. ఆధునికుడై ఉండి ఆధునికుల తోనే తగువు పెట్టుకున్నాడు. 1959లో ఓటర్లో సభతో సియామ్ ముగిసిపోయినప్పుడు దాన్ని సాగనంపిన కుర్రకారులో ఈయనా ఒకడు.

ఆ ఖాళీ స్థలాలు ఎలా వచ్చాయో కూడా చెప్పుకోవాలి. యూదుల పేటలో జనాన్ని నాజీలు పట్టుకుపోయాక ఇళ్ళు ఖాళీ అయ్యాయి. 1944-45 చలికాలపు కరువులో నగరవాసులు ఆ ఇళ్ళ కలప ఊడబీక్కెళ్ళి పొయ్యిల్లో పెట్టుకున్నారు. గోడలు కూలి మొండి స్థలాలు మిగిలాయి. ఆ చుట్టుపక్కలే, డైక్‌స్ట్రాట్‌లో ఇళ్ళ మధ్య ఇరుకు జాగాలో 1954లో ఒక ఆటస్థలం వెలిసింది. దీన్ని "చిలిపితనం" అని ఎలా అంటారండీ?

మూడు, ఇవి ఒక మేధావి బుర్రలోంచి ఊడిపడినవి కావు. మా వీధిలో ఫలానా ఖాళీ ఉంది, పిల్లలకి ఆటస్థలం కట్టించండి అని జనం నగరపాలక సంస్థకి ఉత్తరాలు రాసేవాళ్ళు. శాఖవాళ్ళు వెళ్ళి చూసేవాళ్ళు. వాన్ ఐక్ గీసేవాడు. ఒకటి చూసి పక్క పేటవాళ్ళు ఇంకో ఉత్తరం. ఇలా ముప్ఫై ఏళ్ళు. నా దృష్టిలో ఆయన కమ్మీల కంటే ఆ ఉత్తరాల కట్ట గొప్పది.

"అదంతా బానే ఉంది గానీ, కంచె లేకపోతే పిల్లలు రోడ్డు మీదకి పోరా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ఆటస్థలాల్లో చాలావాటికి కంచె లేదు, అవి వీధిలో భాగం. తర్వాత కార్లు వీధుల్ని మింగేశాయి. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద 3 వేలమందికి పైగా చనిపోతే, అందులో 400 మందికి పైగా పిల్లలే. అప్పుడు తల్లిదండ్రులు "పిల్లల హత్య ఆపండి" అనే పేరుతోనే 1972లో ఉద్యమం లేవదీశారు. గమనించండి, వాళ్ళు పిల్లల్ని బోనులో పెట్టమనలేదు, కార్లకి కళ్ళెం వెయ్యమన్నారు. ప్రమాదం తెచ్చేది కారు అయినప్పుడు కంచె పిల్లాడి చుట్టూ కట్టడం ఏం న్యాయం?

ఇప్పుడు ఆ ఆటస్థలాల్లో చాలా భాగం పోయాయి, లేదా గుర్తుపట్టలేనంత మారిపోయాయి. ఆయన కమ్మీల్లో కొన్నిటిని మాత్రం 2013లో రైక్స్‌మ్యూజియం తోటలో పెట్టారు. పెట్టినందుకు సంతోషమే. పిల్లలు ఎక్కి ఆడుకోవచ్చు కూడా. కానీ కమ్మీ మిగిలి, కూడలి పోతే ఏం మిగిలినట్టు? కోడ్ కాపీ చేసుకుని, అది ఏ పని కోసం రాశారో చెప్పే కాగితం చింపేసినట్టుంది.

ఈసారి ఎవరైనా ఆ కమ్మీల ఫొటో చూపించి "ఎంత ముచ్చటగా ఉందో" అంటే ఒక్కటే అడగండి. ఆ పిల్లలు ఇంటి నుంచి అక్కడికి ఒక్కళ్ళే నడిచి వెళ్ళగలరా? వెళ్ళలేకపోతే ఆ ఊరివాళ్ళు వాన్ ఐక్‌ దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదు.